ఆరంభించిన కార్యమేది?



కొండలెక్కినవారిని గూర్చి తెలుగు పత్రికలలో ఏ వార్త వచ్చినా అందులో ఒక క్రియాపదం తరచుగా కనబడుతుంది: "జయించాడు". విలేఖరికి ఉత్సాహం కాస్త ఎక్కువైతే శిఖరం అతనికి "పాదాక్రాంతమైన"దని వ్రాస్తాడు. శిఖరం చేరకుండా తిరిగివచ్చినవాడు "వెనుకంజ వేశాడు", లేదా "ఓటమి పాలయ్యాడు". ముప్పైయైదేళ్ళు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. పదాల పట్ల చాదస్తమని మీరు నవ్వుకున్నా సరే, అడుగుతున్నాను. జయించడానికి ఎదుట ఒక శత్రువు ఉండవద్దా? ఏ కొండ ఎవరి మీద దండెత్తింది? అది మనం పుట్టకముందు ఉన్నది, మనం పోయిన తరువాతా ఉంటుంది. మన జయాపజయాల జమాఖర్చు దానికి పట్టదు.

పదంతోనే పేచీ అయితే నాలో నేనే గొణుక్కుని ఊరుకునేవాణ్ణి. కానీ ఆ పదం వెనుక ఒక భావన ఉన్నది. ఎక్కినవాడు గెలిచాడు, మధ్యలో దిగినవాడు ఓడాడు అన్న ఆ భావన మనుషుల ప్రాణాల మీదకు తెస్తున్నది. చదువుకున్న మన పిల్లలలో అది ఎంత లోతుగా నాటుకుపోయిందో 2023 అక్టోబరులో అమెరికాలో నా కళ్ళతో చూశాను. అందుకే ఈ టపా. నా వాదం ఒక్క వాక్యంలో చెప్పి తరువాత విస్తరిస్తాను. చలీ గాలీ జతకట్టే శరత్కాలంలో ఉత్తరాది కొండ మీద నుంచి, శిఖరం చూడకుండా వెనుదిరిగినవాడు కార్యాన్ని విడిచినవాడు కాడు, కార్యాన్ని నెరవేరుస్తున్నవాడు.

ఇంతకూ సందర్భమేమిటంటే, ఆ నెలలో మా అబ్బాయి, నేను న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని మౌంట్ వాషింగ్టన్ ఎక్కడానికి వెళ్ళి, శిఖరానికి ఇంకా రెండున్నర కిలోమీటర్ల దూరం ఉండగా వెనుదిరిగాము. తరువాతి వారం బోస్టన్ శివార్లలో ఒక తెలుగువారి ఇంట విందులో ఈ సంగతి ప్రస్తావనకు వచ్చింది. ముగ్గురు యువకులు, ముగ్గురూ ఇంజనీర్లు, నా చుట్టూ చేరారు. అందులో ఒకడు, "మాస్టారూ, మీవంటి పండితులే కదా మాకు భర్తృహరి సుభాషితం నేర్పింది!" అంటూ ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన ఆ ప్రసిద్ధమైన శార్దూల పద్యాన్ని ఎక్కడా యతి తడబడకుండా చదివాడు. విఘ్నాలకు జడిసి అసలు మొదలుపెట్టనివారు అధములనీ, మొదలుపెట్టి విఘ్నం ఎదురుకాగానే మానేవారు మధ్యములనీ, ఎన్ని దెబ్బలు తగిలినా పట్టినది విడువనివారు ఉత్తములనీ చెప్పే పద్యం అది. మీలో తెలియనివారు ఉండరు. చదివి, "మరి తమరు మధ్యములేనా మాస్టారూ?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పద్యం అంత శుద్ధంగా వచ్చినందుకు సంతోషించాను కూడా.

నవ్వు ఆగినది తరువాతి మాటలతో. ఆ ముగ్గురూ కిందటి సంవత్సరం ఇదే కాలంలో ఆ శిఖరం ఎక్కారట. జీన్సు ప్యాంట్లు, నూలు చొక్కాలు, మామూలు బూట్లు. పైన దట్టమైన పొగమంచులో ఏమీ కనబడలేదట. దిగేసరికి రాత్రి పది అయినదట; ఫోను వెలుతురులో దిగారట. ఒకడికి రెండు రోజులపాటు వేళ్ళకు స్పర్శ తెలియలేదట. ఇదంతా వీరగాథ చెప్పినట్లు చెప్పారు. పైగా వచ్చే శనివారం మళ్ళీ వెళుతున్నారు. ఈసారి చదువు కోసం ఆగస్టులో మన దేశం నుంచి కొత్తగా వచ్చిన ఇద్దరు కుర్రవాళ్ళను కూడా తీసుకుపోతున్నారు. ఆ ఇద్దరూ అక్కడే, ఒక మూల, కళ్ళు మెరిపిస్తూ వింటున్నారు. భర్తృహరి పద్యం ఎవరి చేతిలో ఏ పనికి ఉపయోగపడుతున్నదో నాకు అప్పుడు అర్థమైనది.

ఆ కొండ సంగతి తెలియనివారి కోసం నాలుగు మాటలు. మౌంట్ వాషింగ్టన్ ఎత్తు 6,288 అడుగులు, అంటే 1,917 మీటర్లు. ఈ సంఖ్య వినగానే మనవాళ్ళు పెదవి విరుస్తారు. మన ఊటీ పట్టణమే 2,200 మీటర్ల పైన ఉన్నది. అక్కడి బజారులో వేరుశనగకాయలు నములుతూ తిరిగినవాడికి ఇదొక కొండా అనిపించడం సహజమే. అయితే ఊటీ ఉన్నది పదకొండవ అక్షాంశం దగ్గర. ఈ కొండ ఉన్నది నలభైనాలుగు దాటిన తరువాత. ఊటీలో యూకలిప్టస్ చెట్లు ఆకాశాన్నంటుతాయి. ఇక్కడ సుమారు 4,500 అడుగులు దాటితే చెట్టన్నది నిలువుగా నిలబడలేదు. క్రింద నలభై అడుగులు పెరిగే ఫర్ వృక్షం పైకి పోయేకొద్దీ నడుమెత్తు, మోకాలెత్తు అయి, చివరకు రాళ్ళ సందులలో నేలకు కరుచుకుని పాకుతుంది. ఆ పైన రాళ్ళు, నాచు, గడ్డి, గాలి.

గాలి సంగతి వేరుగా చెప్పాలి. పడమటి గాలులకు అడ్డంగా, ఉత్తర దక్షిణాలుగా గోడ కట్టినట్లు నిలిచిన పర్వతశ్రేణి అది. ఆ ఖండం మీదుగా సాగే తుపానుల దారులు కొన్ని అక్కడ కలుస్తాయి. ఎదురుగా వచ్చిన గాలి కొండ మీదకు ఎగబ్రాకుతూ ఇరుకున పడి వేగం పెంచుకుంటుంది. రెండు మేడల నడుమ సందులో గాలి ఉరుకుతుందే, అలాగన్నమాట. శిఖరం మీద ఒక వాతావరణ పరిశోధనశాల ఉన్నది. 1932 నుంచి మనుషులు అక్కడే కాపురముండి గాలిని కొలుస్తున్నారు. 1934 ఏప్రిల్ 12న వారు కొలిచిన గాలి వేగం గంటకు 231 మైళ్ళు, అంటే సుమారు 372 కిలోమీటర్లు. 2014 అక్టోబరులో విశాఖను చీల్చిచెండాడిన హుద్‌హుద్ తుపాను గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్లు. విశాఖ మిత్రులు ఆ రోజును తలచుకుని, దానికి రెట్టింపు ఊహించుకోండి. అది ఒక్కనాటి ముచ్చట అనుకుందామా? గంటకు 120 కిలోమీటర్లు దాటిన గాలి ఆ శిఖరం మీద సంవత్సరంలో సగటున వంద రోజులకు పైగా వీస్తుంది. గాలి వేగం రెట్టింపైతే అది మనిషిని నెట్టే బలం నాలుగింతలవుతుందన్న సంగతి భౌతికశాస్త్రం చదివిన ఆ ఇంజనీర్లకు తెలుగు పంతులు చెప్పవలసిన పని లేదు.

అందులోనూ శరత్తు మోసకారి. సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు నడిమి వరకు ఆ లోయలలో మేపుల్ చెట్లు పారాణి పూసినట్లు ఎర్రబడతాయి, బర్చి చెట్లు పసుపు ముద్దలవుతాయి. రంగులు చూడడానికి జనం కార్లలో బారులు తీరుతారు. మన తెలుగువారూ పులిహోర డబ్బాలతో సహా వెళతారు. క్రింద నీరెండ, పలుచని స్వెట్టరు చాలనిపించే హాయి. అదే గంటలో పైన రాళ్ళ మీద మంచు పేరుకుంటూ ఉంటుంది. అక్టోబరులో శిఖరం మీది సగటు ఉష్ణోగ్రత నీరు గడ్డకట్టే స్థాయికి దగ్గరగా ఉంటుంది. సున్నా డిగ్రీల చలిలో గంటకు 80 కిలోమీటర్ల గాలి వీస్తే, విప్పి ఉంచిన చర్మానికి అది సున్నాకు పది డిగ్రీలు దిగువన ఉన్నట్లే. పైగా సాయంత్రం ఆరు గంటల వేళకే పొద్దు గుంకుతుంది. జూన్ నెలలో ఎక్కినవాడికి మిగిలే మూడు గంటల వెలుతురు అక్టోబరులో ఎక్కినవాడికి ఉండదు.

మేము వెళ్ళినది పడమటి వైపు నుంచి, అమ్మొనూసక్ నది పుట్టే లోయలోని కాలిబాట వెంట. మొదట దారి సుఖంగానే ఉంటుంది. రాళ్ళ మీద దుమికే వాగు, దాని ప్రక్కన బాట. ఒక చిన్న మడుగు దాటాక నిట్టనిలువున ఎక్కుడు మొదలవుతుంది. తడిసిన బండల మీద చేతులూ వాడవలసి వస్తుంది. చెట్లు పొట్టివవుతూ పోయి ఒక్కసారిగా అయిపోతాయి. అప్పటిదాకా అడవి మనకు గొడుగు పట్టిందని అడవి దాటాక గాని తెలియదు. గాలి వచ్చి ఎదురు రొమ్ము మీద చేయి పెట్టి ఆపినట్లయినది. చెవి దగ్గర మా అబ్బాయి అరిచినా వినబడలేదు. సుమారు 5,000 అడుగుల ఎత్తున "మేఘసరస్సులు" అని అర్థం వచ్చే పేరుతో రెండు చిన్న నీటిగుంటలు, వాటి ప్రక్కన పర్వతారోహకుల సంఘంవారి విడిది ఉన్నవి. సెప్టెంబరు నడిమికే విడిదిని మూసివేస్తారు. కిటికీలకు చెక్కలు కొట్టి ఉన్నవి. దాని గోడ చాటున నిలబడి గడియారం చూసుకున్నాము. మధ్యాహ్నం పన్నెండున్నర. శిఖరం వైపు చూస్తే బాట గుర్తుకు పేర్చిన రాతికుప్పలు మూడు కనబడ్డవి. నాలుగవది పొగమంచులో లేదు. చూస్తూ ఉండగానే మూడవదీ పోయినది. ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడే మేము ఒక నియమం పెట్టుకున్నాము: తరువాతి రాతికుప్ప కనబడకపోతే అడుగు ముందుకు వేయము. "దిగుదాం నాన్నా" అన్నాడు వాడు. అరవైయారేళ్ళ మోకాళ్ళకు దిగడం ఎక్కడం కంటే కష్టమన్నది వేరే సంగతి. చీకటి పడకముందే కారు దగ్గర ఉన్నాము. ఫ్లాస్కులో తెచ్చుకున్న కాఫీ అప్పటికీ వెచ్చగానే ఉన్నది.

ఆ కొండమీది బాటలలో, చెట్లు అంతమయ్యే చోట, అడవిశాఖవారు పసుపు పలకలు పెట్టారు. ఆగండి, ముందున్నది అమెరికాలోకెల్లా చెడ్డ వాతావరణం, వేసవిలో సైతం చలికి ఎందరో మరణించారు, వాతావరణం బాగులేకపోతే ఇప్పుడే వెనుదిరగండి అన్నది ఆ పలక మీది మాటల సారాంశం. ఆ యువకులను అడిగాను: "నాయనా, ఆ పలక చూడలేదా?" "చూశాం మాస్టారూ, దాని దగ్గర ఫోటో కూడా దిగాం" అన్నారు.

ఇక పద్యం దగ్గరకు వద్దాం. ఆరంభించిన కార్యాన్ని విడువనివాడు ఉత్తముడు. ఒప్పుకున్నాను. భర్తృహరితో నాకు తగవు లేదు. ఆరంభించిన కార్యమేది అన్నదే నా ప్రశ్న. తెల్లవారుజామున ఇంటి తలుపు మూసి బయలుదేరినవాడు ఆరంభించిన కార్యం శిఖరం మీద కాలు మోపడమా? అదే అయితే ఆ కాలు మోపిన క్షణాన కార్యం పూర్తి కావాలి. తరువాత వాడు ఏమైనా ఫరవాలేదనాలి. ఏ తల్లి అయినా ఈ అన్వయాన్ని అంగీకరిస్తుందా? ఇంటి నుంచి బయలుదేరిన నడక ఇంటికి చేరితేనే పూర్తి. శిఖరం ఆ దారికి నడిమి గుర్తు. మొత్తం నడకలో అది సగమే. మధ్యలో వెనుదిరిగినవాడు చిన్న చుట్టు తిరిగి అయినా కార్యం ముగించాడు. శిఖరం చేరి తిరిగిరానివాడే ఆరంభించిన పనిని నడిమిలో వదిలిపెట్టిన మధ్యముడు. పద్యం నా పక్షాన సాక్ష్యం చెబుతున్నది.

విఘ్నానికి వెరవనివారికి దృష్టాంతం కావాలంటే క్షీరసాగరమథనం ఉండనే ఉన్నది. అమృతం దాకా దేవతలు చిలకడం మానలేదంటారు, నిజమే. మరి హాలాహలం పుట్టినప్పుడు ఏం చేశారు? పట్టుదల చూపించాలని దోసిళ్ళతో త్రాగారా? కవ్వం వదిలి శివుని దగ్గరకు పరుగెత్తారు. విషం విరగడైన తరువాత మళ్ళీ తాడు పట్టారు. నాడు ఆగడం తెలిసినందువల్లనే వారికి అమృతం దక్కినది.

మన సాహిత్యంలో ఉత్తరపు కొండకు వెళ్ళిన తెలుగువారి మానసపుత్రుడు ఒకడున్నాడు. పదహారవ శతాబ్దంలో అల్లసాని పెద్దన సృష్టించిన ప్రవరుడు. సిద్ధుడిచ్చిన పసరు పాదాలకు పూసుకుని హిమవంతానికి వెళ్ళాడు. చూడవలసినవి చూశాడు. మధ్యాహ్నవేళకు ఇల్లు చేరుకుందామనుకునేసరికి మంచునీటిలో పసరు కరిగిపోయినది. అక్కడి నుంచి అతని కథ అంతా ఒకే ఒక్క తపన: ఇల్లు చేరాలి. వరూధిని అంతటిది ఎదుట నిలిచినా ఆ తపన చెదరలేదు. చివరకు అగ్నిని ప్రార్థించి ఇల్లు చేరాడు. తెలుగు కవి మెచ్చి నిలబెట్టిన పర్వతయాత్రికుడు ఇతడు. ఇతడు ఏ శిఖరాన్నీ "జయించ"లేదు. నేటి పిల్లలు ఫోనులోని దారిపటాన్ని నమ్ముకుని వెళ్ళడం చూస్తే నాకు ఆ పసరే గుర్తుకు వస్తుంది. ఫోను బ్యాటరీ చలికి తొందరగా చల్లబడిపోతుంది; మంచు తగలగానే కరిగే పసరు వంటిదే. పెద్దన ఇన్ని వందల ఏళ్ళ క్రిందటే హెచ్చరించాడు, మనం పద్యాల అందం చూసుకుని ఊరుకున్నాము.

వెనుదిరిగి చూడకుండా ఉత్తరపు కొండలలోకి సాగిపోయే నడక కూడా మనకు ఒకటి ఉన్నది, కాదనను. దాని పేరు మహాప్రస్థానం. ద్రౌపది మొదలు భీముని దాకా ఒక్కొక్కరే దారిలో పడిపోతారు, నడిచేవారు ఆగరు. రాజ్యం అప్పగించి, బంధాలు తెంచుకుని, తిరిగిరాకూడదని నిశ్చయించుకున్నవారి నడక అది. ఇరవైరెండేళ్ళ విద్యార్థి శనివారంనాడు వెళ్ళే నడకకు అది ఆదర్శం కారాదు. వెనుదిరగడమే లేదని భీష్మించుకున్నవాడు తాను ఈ రెండింటిలో ఏ దారి పట్టాడో తేల్చుకోవాలి.

ఆ కొండమీద ఇది వట్టి పురాణచర్చ కాదు. 1849 అక్టోబరులో ఫ్రెడరిక్ స్ట్రిక్‌లండ్ అనే ఆంగ్లేయ యువకుడు క్రాఫర్డ్ బాట వెంట ఎక్కబోయాడు. అప్పటికే మంచు పడినది. దారి చూపేవాడు, తోటివాడు ఇక వద్దని వెనుదిరిగారు. అతడు ఒంటరిగా ముందుకు సాగాడు. తరువాత అతని శవం దొరికినది అమ్మొనూసక్ లోయలో, మేము ఎక్కిన ఆ లోయలోనే. 1855 సెప్టెంబరులో లిజ్జీ బోర్న్ అనే ఇరవైమూడేళ్ళ అమ్మాయి పినతండ్రి కుటుంబంతో కలిసి మధ్యాహ్నం దాటాక బయలుదేరినది. చీకటి, గాలి, చలి ఒక్కసారి కమ్ముకున్నవి. ఆ రాత్రే ఆమె ప్రాణం పోయినది. తెల్లవారాక చూస్తే శిఖరం మీది సత్రం పిలిస్తే పలికేటంత దూరంలో ఉన్నది. ఆ కొండ పొట్టన పెట్టుకున్నవారి జాబితాలో మొదట నిలిచిన ఈ రెండు పేర్లూ శరత్కాలానివే. తరువాత ఆ జాబితా నూటయాభై దాటినది. అందులో ఉన్నవారంతా అసమర్థులనుకోకండి. 1900 జూన్ 30న మంచుతుపానులో మరణించిన విలియం కర్టిస్ పేరుమోసిన క్రీడాకారుడు. అతని వయసు అరవైమూడు. వెంట వెళ్ళిన ఆర్మ్స్‌బీ వయసు ఇరవై ఎనిమిది. అనుభవం ఒకరిని, యౌవనం మరొకరిని కాపాడలేకపోయినవి.

ఇప్పుడు ఎదుటివారి మాటలకు సమాధానం చెప్పవలసి ఉన్నది.

"అట్లా అయితే ఎవరూ ఏదీ సాధించలేరు. మన మాలావత్ పూర్ణ 2014 మే నెలలో పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కలేదా?" అన్నాడు రెండవ యువకుడు. ఎక్కినది, ఆ బిడ్డకు చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆమె జీన్సు ప్యాంటు వేసుకుని ఒక శనివారంనాడు బయలుదేరలేదు. భువనగిరి బండ మీద, డార్జిలింగ్ శిక్షణాలయంలో, లడఖ్ చలిలో నెలల తరబడి సాధన చేసి వెళ్ళినది. ఆమె తెగువను పొగిడి ఆమె సాధనను మరచినవాడు ఆమెను అవమానిస్తున్నాడు. ఎవరెస్టు ప్రస్తావన వచ్చినది కనుక గోరాన్ క్రాప్ అనే స్వీడన్ దేశీయుని మాటా చెబుతాను. 1995లో తన దేశం నుంచి సైకిలు తొక్కుకుంటూ బయలుదేరి నేపాల్ చేరి, 1996 మే మొదటివారంలో శిఖరానికి సుమారు వంద మీటర్ల దిగువ వరకు వెళ్ళాడు. పొద్దుపోయినదని, దిగడం ప్రమాదమని అక్కడి నుంచి తిరిగివచ్చాడు. ఖండాలు దాటి సైకిలు తొక్కినవాడిని పిరికివాడని ఎవరంటారు? మరికొద్ది రోజులకే, వేళ మించాక కూడా పైకి సాగిన ఇతర బృందాలవారిని తుపాను చుట్టుముట్టగా ఎనిమిదిమంది మరణించారు. ఆ నెలాఖరులోగా క్రాప్ మళ్ళీ వెళ్ళి శిఖరం చేరి దిగివచ్చాడు. తిరిగివచ్చినవాడికే రెండవ అవకాశం.

"ఏదైనా అయితే రక్షకదళం వస్తుంది కదా" అన్నాడు మూడవవాడు. వస్తుంది. ఆ వచ్చేవారు ఎవరు? అటవీజంతు శాఖ ఉద్యోగులతో పాటు చుట్టుపక్కల ఊళ్ళ స్వచ్ఛంద సేవకులు. 1982 జనవరిలో హ్యూ హెర్, జెఫ్ బాట్జర్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు మంచుగోడ ఎక్కి, అంతటితో దిగిపోక, శిఖరం వైపు కొంతదూరం పోయి, తుపానులో దారితప్పి వేరే లోయలోకి దిగిపోయారు. వారిని వెతకబోయిన ఆల్బర్ట్ డౌ అనే ఇరవైయెనిమిదేళ్ళ సేవకుడు మంచుచరియ క్రింద పడి మరణించాడు. హెర్ రెండు కాళ్ళూ మోకాళ్ళ క్రింద తీసివేయవలసి వచ్చినది. అతడు తరువాత కృత్రిమ అవయవాల శాస్త్రవేత్తగా ప్రపంచప్రఖ్యాతి పొందాడు. డౌకు మాత్రం "తరువాత" లేదు. నీ శిఖరం ఖరీదు నీవు ఒక్కడవే చెల్లించేది కాదు నాయనా. నిర్లక్ష్యంతో ఆపద తెచ్చుకున్నవారి నుంచి రక్షణ ఖర్చు రాబట్టుకునే చట్టం ఆ రాష్ట్రంలో ఉన్నది గాని, డౌ ప్రాణానికి ఏ చట్టం రశీదు వ్రాయగలదు?

"శిఖరం చూడకపోతే వెళ్ళిన ఫలమేమిటి?" ఇది అందరి మాట. శిఖరమే ఫలమైతే సులభోపాయం ఉన్నది. 1861లో అక్కడికి గుర్రపుబండ్ల బాట వేశారు. నేడు దాని మీద కార్లు పోతున్నవి. 1869 నుంచి పళ్ళచక్రం పట్టాల రైలు పోతున్నది. వాతావరణం అనుకూలించిన రోజున టిక్కెట్టు కొనుక్కుంటే పసిపిల్లలు, ముసలివారు కూడా శిఖరం మీద కాఫీ త్రాగి వస్తారు. "ఈ కారు మౌంట్ వాషింగ్టన్ ఎక్కినది" అన్న చీటీ అతికించుకుని తిరిగే కార్లు ఎన్నో. ఇనుపముక్కకు కూడా దక్కే బిరుదు కోసం వేళ్ళు పోగొట్టుకుంటారా? కాళ్ళతో వెళ్ళేవాడికి దక్కేది వేరు. మేఘసరస్సుల దగ్గర, బాట ప్రక్కనే, అరచేతిలో ఇమిడేంత చిన్న పసుపుపూల మొక్క ఒకటి పెరుగుతుంది. రాబిన్స్ సింక్‌ఫాయిల్ అంటారు. నడిచేవారి కాళ్ళ క్రింద నలిగి నశించిపోయే దశకు వస్తే, బాటనే ప్రక్కకు జరిపి దానిని బ్రతికించారు. 2002లో దానిని అంతరించనున్న మొక్కల పట్టిక నుంచి తీసివేశారు. మొక్క కోసం మనుషులు దారి మళ్ళించుకున్న చోట నిలబడి, మనుషుల కోసం దారి మళ్ళించుకోలేమా?

చివరి వాదం ఒకటి మిగిలినది. ఆ శనివారం వారు అయిదుగురూ వెళ్ళారు. క్షేమంగా తిరిగివచ్చారు, ఆ మాట విని నాకంటె సంతోషించినవారు లేరు. "చూశారా మాస్టారూ, ఏమీ కాలేదు" అని మా అబ్బాయికి సందేశం పంపారు. కళ్ళకు గంతలు కట్టుకుని రోడ్డు దాటినవాడు అవతలి గట్టు చేరినంత మాత్రాన గంతలు మంచివని రుజువు కాదు. ఏమీ కాకపోవడం వలన ఆ పద్ధతి సరియైనదని నమ్మడమే అన్నిటికంటె పెద్ద ఆపద. ఆ నమ్మకంతోనే మరుసటి ఏడు మరి నలుగురిని వెంటబెట్టుకుపోతారు.

నేను వెళ్ళవద్దనడం లేదు. వెళ్ళండి. ఉన్ని బట్టలు, గాలి దూరని జాకెట్టు, తలకు టోపీ, చేతికి గ్లోవ్సు, తలదీపం, కాగితం మీది పటం పట్టుకుని వెళ్ళండి. నూలు మన ఎండలకు అమృతం. తడిస్తే ఒంటి వేడిని లాగివేస్తుంది గనుక ఆ చలికి విషం. పరిశోధనశాలవారు రోజూ ప్రకటించే శిఖరపు వాతావరణ సూచన చదివి వెళ్ళండి. ఏ వేళకు, ఏ గుర్తు చూసి వెనుదిరగాలో ఇంటి దగ్గరే, వెచ్చని గదిలో, బుద్ధి నిలకడగా ఉన్నప్పుడే నిర్ణయించుకోండి. చలి పట్టినవాడి బుద్ధి వాడి మాట వినదు. బృందంలో అందరికంటె నెమ్మదిగా నడిచేవాడు "దిగుదాం" అంటే అదే తీర్పు కావాలి.

బ్లాగులలో ప్రయాణాల ముచ్చట్లు వ్రాసే మిత్రులకు మరొక విన్నపం. వెనుదిరిగిన నడకలను గూర్చి కూడా వ్రాయండి. శిఖరం మీది ఫోటో లేకపోతే టపాకు విలువ లేదనుకోకండి. మీ వ్రాత చదివి బయలుదేరే కుర్రవాడికి వెనుదిరగడం కూడా గౌరవమైన పనేనని తెలియాలి. కొండ విషయంలో "జయించు" అన్న క్రియను దయచేసి విడిచిపెట్టండి. దానికి బదులు మన పల్లెల్లో గొల్లలు, కట్టెలు కొట్టేవారు ఏనాటినుంచో వాడుతున్న చక్కని జంటమాట ఒకటి ఉన్నది: ఎక్కి దిగాడు. ఎంతవరకు ఎక్కాడన్నది తరువాతి సంగతి. దిగాడా లేదా అన్నది ముందు చూడండి.